బ్రాకెట్లు లేని పిలుపు

మా వైపు ఫంక్షన్ అంటే భోజనాలు. పెళ్ళయినా, ఓణీలయినా, గృహప్రవేశమయినా, పిల్లవాడి మొదటి పుట్టినరోజయినా అన్నిటికీ ఆ ఒక్క మాటే. "శుక్రవారం ఫంక్షనుందండి" అని ఎవరైనా సెలవు చీటీ పెడితే ఏం ఫంక్షనని మా స్కూల్లో ఎవరూ అడగరు, ఎక్కడని మాత్రం అడుగుతారు. అందుకని ఏలూరులో కంప్యూటర్ సెంటర్ మేడం మూడో శనివారం బోర్డు తుడిచి, "ఇవాళ్టి నించి మన సొంత ఫంక్షన్లు మనమే రాసుకోవడం నేర్చుకుందామండి" అనగానే నాకు ముందుగా గుర్తొచ్చింది గుత్తివంకాయ కూర. అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర. నేను పొద్దున్న ఏడింటికి రెండిడ్లీలు తిని తాడేపల్లిగూడెంలో బస్సెక్కినవాణ్ణి.

నాకు యాభై రెండేళ్ళు. గూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఎండాకాలం సెలవులకు ముందు మా కరస్పాండెంటుగారు మీటింగు పెట్టి, స్కూళ్ళు తెరిచాక తొమ్మిది, పది తరగతులకు కోడింగ్ కూడా ఉంటుందనీ, దాన్ని లెక్కల మాస్టార్లే చెప్పాలనీ అన్నారు. నాకు చేతకాదని చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో పక్కన కూర్చున్న సైన్సు టీచరుగారు "మాస్టారికి ఇదొక లెక్కా అండి" అన్నారు. తెరిచిన నోటితోనే "ఆయ్, అదెంత పనండి" అనేశాను. నా జీవితంలో సగం పనులు నా నెత్తిమీదకి వచ్చింది ఇలాగే.

ఆ సెంటర్లో నేనే పెద్దవాణ్ణి. పాఠం చెప్పే మేడంకి ముప్ఫై దాటి ఉంటాయేమో. ఏలూరులోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం, నాన్నగారికి టైలరింగ్ షాపు. ఆవిడ ఏం చెప్పినా ఆ షాపులోంచే చెప్పేవారు. "మా నాన్నగారు పాత ఖాతాదారులకి ప్రతిసారీ కొత్తగా కొలతలు తీయరండి. ఒకసారి అట్టముక్క కత్తిరించి, దాని మీద పేరు రాసి మేకుకి తగిలిస్తారు. ఆ మనిషి గుడ్డ వచ్చినప్పుడల్లా ఆ అట్ట దించుతారు. ఫంక్షన్ అంటే అదేనండి. చేయాల్సిన పని ఒక్కసారి రాసి, పేరు పెట్టి ఉంచుకుంటాం. కావలసినప్పుడు ఆ పేరుతో పిలుస్తాం."

ఇంత చక్కగా చెప్పాక నోరు మూసుకుని కూర్చోవాలి కదా. నేను లేచి నిలబడ్డాను. "ఫంక్షనంటే నాకు కొత్త కాదండి. మా లెక్కల్లో దాన్ని ప్రమేయం అంటారు. పాత సిలబస్సులో పదో తరగతికి ఏళ్ళ తరబడి చెప్పాను" అన్నాను. ముందు బెంచీల్లోని డిగ్రీ పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. గౌరవంతో చూశారని ఆ రోజు అనుకున్నాను. మేడం మర్యాదస్తురాలు. "అయితే మీకు సులువేనండి మాస్టారు" అన్నారు.

ప్రమేయం అన్న మాట నాకు క్లాసులోనే కాదు, బయట కూడా బాగా వాడకం. నాకున్న ఒక్క అక్కతో రెండేళ్ళుగా మాటల్లేవు. ఎవరైనా ఎందుకని అడిగితే "అందులో నా ప్రమేయం ఏమీ లేదండి" అని చెప్పుకుంటూ వచ్చాను.

అక్కది కలిదిండి. బావగారికి చేపల చెరువులు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి పెళ్ళి చేశాను. మావి చర్చి కుటుంబాలు, బొట్టు పెట్టి పిలవడం ఉండదు. దానికి బదులు మాకొక పద్ధతుంది. ఇంటికి వెళ్ళి, కార్డు రెండు చేతులతో ఇచ్చి, చిన్న ప్రార్థన చేసి, "తప్పకుండా రావాలండి" అని నోటితో అనాలి. నోటితో అనకపోతే కార్డు ఎంత ఖరీదైనదైనా పిలిచినట్టు కాదు. లెక్కల మాస్టర్ని కాబట్టి నేను కార్డులన్నీ బస్సు రూట్ల వారీగా కట్టలు కట్టాను. ఉంగుటూరు కట్ట, ఏలూరు కట్ట, జంగారెడ్డిగూడెం కట్ట. కరస్పాండెంటుగారి తోడల్లుణ్ణి పిలవడానికి జంగారెడ్డిగూడెం దాకా వెళ్ళి, ఆయన ఇంట్లో లేరంటే రెండోసారి కూడా వెళ్ళాను. కలిదిండి కట్టలో ఉన్నది ఒకే ఒక్క కార్డు. ఒక్క కార్డు కోసం ఒక పూట ఏం పోగొట్టుకుంటామని దాన్ని కొరియర్లో పంపాను. సొంత అక్కని పిలవడమేంటి, తను వచ్చి పదిమందిని పిలవాల్సిన మనిషి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కవరు మీద పేరు మాత్రం నా చేత్తో రాశాను. నా దస్తూరి బాగుంటుందని నాకు గట్టి నమ్మకం.

అక్క పెళ్ళికి రాలేదు. పెళ్ళికూతురి పక్కన మేనత్త నిలబడాల్సిన చోట ఎవరో దూరపు బంధువు నిలబడ్డారు. "మేనత్తగారేరండి?" అని అడిగినవాళ్ళందరికీ "దారిలో ఉన్నారండి" అని చెప్పాను. ఆ తరవాత రాలేదని నాకు కోపం, పిలవలేదని ఆవిడకి కోపం. పెద్దది కదా, తనే ముందు ఫోను చేస్తుందిలే అని నేను, చిన్నవాడు కదా అని ఆవిడ, ఇలా రెండు క్రిస్మస్‌లు గడిచిపోయాయి. మొదటి ఏడాది అలకలే అనుకున్నాను. రెండో ఏడాది భయం పట్టుకుంది. ఇది ఇలాగే ఉండిపోతుందేమో, ఇక మా ఇద్దరిలో ఎవరో ఒకరు మంచాన పడితే తప్ప ఒకరి మొహం ఒకరు చూడమేమో అనిపించేది. భయం వేసినప్పుడల్లా ఆవిణ్ణి తలుచుకునేవాణ్ణి. తలుచుకున్నాను కదా, అదీ ఒక పనే అని తృప్తి పడేవాణ్ణి.

ఆ శనివారం క్లాసు చివర మేడం హోంవర్కు ఇచ్చారు. ఎవరికి నచ్చిన ఫంక్షన్ వాళ్ళు సొంతంగా రాసుకురావాలి. నేను ఎక్కాల ఫంక్షన్ రాద్దామనుకున్నాను. ఒక అంకె ఇస్తే ఆ అంకె ఎక్కం మొత్తం చెప్పేయాలి. దానికి 'ఎక్కం' అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు కూడా పెట్టాను. ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. నాకు ఎక్కాలు నేర్పింది అక్కే. నూతి దగ్గర గిన్నెలు తోముతూ "పదమూడూ!" అని ఒక్క కేక వేసేది. నేను గోలీలు ఆడుతున్నా, జామచెట్టెక్కి ఉన్నా అక్కణ్ణుంచే అందుకుని పదమూడో ఎక్కం మొత్తం అప్పజెప్పాలి. ఎక్కడైనా ఆగితే గిన్నె మీద గరిటె మోగేది. మా ఊరికి కంప్యూటర్ రావడానికి చాలా ముందే నేను ఒకరి ఫంక్షన్‌గా పనిచేశానన్నమాట.

మా అమ్మాయి వదిలి వెళ్ళిన పాత ల్యాప్‌టాప్ తెరిచి, రెండు గంటలు కుస్తీ పట్టి ఫంక్షన్ రాశాను. మొదటి వరుసలో పేరు, దాని పక్కన బ్రాకెట్లు, చివర రెండు చుక్కలు, కింద నాలుగు వరుసలు కుదురుగా లోపలికి జరిపి. అందంగా ఉంది. కిందికి వచ్చి, మేడం చెప్పినట్టు పిలవడానికి 'ఎక్కం' అని రాసి, నడిపే బటన్ నొక్కాను.

ఏమీ రాలేదు.

మళ్ళీ నొక్కాను. రాలేదు. ఎర్రక్షరాలతో ఏదైనా తప్పు చూపిస్తుందేమోనని ఎదురుచూశాను. అదీ లేదు. తప్పు చేసిన పిల్లవాణ్ణి నిలదీస్తే తలవంచుకుని నిలబడతాడే, అలా ఊరుకుంది. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. పాతదైపోయిందని దాన్ని తిట్టాను. మర్నాడు ఆ సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ "ఏవండీ, మీరేమైనా తప్పు చేశారేమో చూసుకోండి" అంది. "నాకు ప్రమేయాలు నేర్పుతావా?" అన్నాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. మా ఇంట్లో ఊరుకునేవాళ్ళు ఎక్కువ.

బుధవారం స్కూలు పని మీద ఏలూరు వెళ్ళి తిరిగొస్తూ బస్సులోంచి మేడంకి ఫోను చేశాను. బస్సు చప్పుడుకి ఆవిడ మాట నాకు సరిగ్గా వినపడలేదు. నా మాట మాత్రం బస్సు మొత్తానికి వినపడింది. ఇరవై ఎనిమిదేళ్ళు అరవైమంది పిల్లల మీద అరిచిన గొంతు మరి.

"ఫంక్షనంతా రెడీ అయిపోయిందండి! పిలవడం దగ్గరే వచ్చిందండి ఇబ్బంది!... సొంత ఫంక్షనేనండి, ఎవర్దో కాదు!... ఆయ్, రెండు మూడుసార్లు పిలిచానండి, రావట్లేదండి!... బ్రాకెట్లా? ఆయ్, పెట్టానండి, అన్నీ పెట్టానండి!... పోనీ, ఇక పిలవకుండా వదిలేస్తానండి! ఏ గొడవా ఉండదు!"

ఫోను పెట్టేసరికి పక్క సీట్లో ఆవిడ నా వంకే చూస్తోంది. ఒళ్ళో ఆస్పత్రి ఫైలుంది.

"మీరు కలిదిండిలో చెరువుల వారింటి ఆవిడ తమ్ముడుగారు కదండీ?" అంది. "మేం ఒకే చర్చండి. ఉంగుటూరులో మా అమ్మాయి దగ్గరకి వెళ్తున్నానండి."

"ఆయ్, అవునండి."

"ఏం ఫంక్షనండీ?"

నేను దానికి సూటిగా జవాబు చెప్పి ఉండాల్సింది. కానీ కోడింగ్ నేర్చుకుంటున్నానని ఒకరికి చెప్పుకునే అవకాశం వచ్చినప్పుడు కొంచెం తగ్గి మాట్లాడితే ఇంకా గొప్పగా ఉంటుందనిపించింది. "అబ్బే, చిన్నదేనండి. సొంతంగా చేసుకుంటున్నదండి" అన్నాను. ఆవిడ "ఓహో" అంది. ఉంగుటూరు రాగానే దిగిపోయింది.

శుక్రవారం పొద్దున్న బావగారు ఫోను చేశారు. ఆయన నిదానపు మనిషి. ఏం చెప్పినా "ఆయ్" అంటారు. ఆయ్ అంటే మా వైపు విన్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. ఈ తేడా తెలియక మా ప్రాంతానికి వచ్చిన ఆఫీసర్లు ఎందరో దెబ్బతిన్నారు. అలాంటి మనిషి తనంతట తాను ఫోను చేశారంటే నాకు చెమటలు పట్టాయి.

"ఏం బావా, మళ్ళీ ఫంక్షనంట కదా."

"ఏం ఫంక్షనండి?"

"నువ్వే చెప్పాలి మరి. అందర్నీ పిలిచావంట. రెండు మూడుసార్లు పిలిచినా కొంతమంది రావట్లేదంట. ఇక పిలవకుండా వదిలేస్తే ఏ గొడవా ఉండదన్నావంట. ఈసారి కొరియర్లో కూడా రాలేదని మీ అక్క అంటోంది."

"అయ్యో, అది అలాంటి ఫంక్షన్ కాదండి. కంప్యూటర్లో..."

"ఆయ్" అన్నారు బావగారు. ఫోను పెట్టేశారు.

ఆ రోజంతా నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. నవ్వొచ్చే విషయమే. మా ఆవిడకి చెప్పబోయి నవ్వబోయాను కూడా. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ మాటలు విన్నప్పుడు అక్క మొహం ఎలా ఉండి ఉంటుందో కళ్ళకి కట్టింది. మొదటిసారి మరిచిపోయాడనుకోవచ్చు. రెండోసారి కూడా పిలవలేదంటే, కావాలనే అన్నట్టు. మూడోసారీ ఇలాగే జరిగితే అనుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ మిగలదు.

మర్నాడు శనివారం క్లాసుకి వెళ్ళాను. మనసు అక్కడ లేదు. మేడం ఒక్కొక్కరి దగ్గరకి వచ్చి చూస్తూ నా బెంచీ దగ్గర ఆగారు. ల్యాప్‌టాప్ నా వైపు నుంచి తన వైపుకి తిప్పుకున్నారు.

"ఎన్ని రోజులుగా రావట్లేదండి మాస్టారు?"

"వారమండి. మిషన్‌లోనే ఏదో లోపం ఉందనుకుంటానండి."

ఆవిడ పై నుంచి కిందికి చదివారు. "ఫంక్షన్ శుభ్రంగా రాశారండి. ఒక్క తప్పు లేదు. కింద పేరు కూడా రాశారు." ఆ కింది వరుస మీద వేలు పెట్టారు. "కానీ పిలవలేదండి."

"పేరు రాశాను కదండి!"

"పేరు రాస్తే తలుచుకున్నట్టండి. పిలిచినట్టు కాదు. పేరు పక్కన బ్రాకెట్లు పెడితేనే పిలిచినట్టు. మీరు పైన పెట్టారు, రాసుకునే దగ్గర. కింద, పిలిచే దగ్గర పెట్టలేదు."

"మరి తప్పని చూపించలేదేంటండి?"

"తలుచుకోవడం తప్పు కాదు కదండి" అన్నారు మేడం, బ్లౌజు కొలత చెప్పినంత మామూలుగా. "అందుకని ఏమీ అనదు. ఊరుకుంటుంది."

తెలుగులో చెప్పాలంటే నా ప్రమేయం ఏమిటో నాకప్పుడు తెలిసింది. అయినా మాస్టరు బుద్ధి పోతుందా, ఇంకో ప్రశ్న అడిగాను. "లోపల ఇవ్వడానికి ఏమీ లేదనుకోండి. అప్పుడు కూడా పెట్టాలాండి?"

"ఖాళీవైనా పెట్టాలండి. పెడితేనే కదండీ వస్తుంది."

ఆవిడ బ్రాకెట్లు పెట్టి, మధ్యలో పదమూడు కొట్టి, బటన్ నొక్కారు. పదమూడో ఎక్కం గడగడా దిగింది. డిగ్రీ పిల్లలు చప్పట్లు కొట్టారు. యాభై రెండేళ్ళవాడికి ఎక్కం వచ్చినందుకు.

క్లాసయ్యాక గూడెం బస్సెక్కాల్సినవాణ్ణి కైకలూరు బస్సెక్కాను. భుజానికి ల్యాప్‌టాప్ సంచీ ఉంది, చేతిలో ఏమీ లేదు. అక్కింటికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదని కైకలూరులో అరటిపళ్ళు బేరమాడుతుంటే కలిదిండి బస్సు కదిలిపోయింది. పళ్ళు వదిలేసి పరిగెత్తి ఎక్కాను. కొల్లేరు దాటినప్పటి నుంచీ దారికి రెండు పక్కలా చెరువులే. ఆ గట్లు చూస్తూ అక్కతో ఏం మాట్లాడాలో వరసగా అనుకున్నాను. ముందు ఇది, తరవాత ఇది, ఆవిడ అలా అంటే నేనిలా. మొత్తం బాగానే కుదిరింది. ఆవిడ ఎదుట నిలబడగానే ఒక్క ముక్క గుర్తు లేదు.

అక్క ఇంటి పక్కనే చెరువు. చిల్లుల సంచుల్లోకి తవుడు ఎత్తించి గెడలకి కట్టిస్తోంది. నీళ్ళల్లోకి మేత దిగేది ఆ చిల్లుల్లోంచే. నన్ను చూసి చేతులకంటిన తవుడు దులుపుకుంది.

"రండి" అంది. "కూర్చోండి."

ఈ 'రండి' ఎంత పెద్ద దెబ్బో మా గోదావరి వైపు పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పుట్టిన దగ్గర నుంచీ "ఒరేయ్" అన్న అక్క, తమ్ముణ్ణి మీరు అందంటే గుమ్మం లోపలికి రానిచ్చి కూడా బయట నిలబెట్టినట్టే. బావగారు కుర్చీ వేశారు. అక్క నా వైపు చూడకుండా ఆయనతో అంది, "కాఫీ పుచ్చుకుంటారేమో కనుక్కోండి."

"కాఫీ పుచ్చుకుంటావా?" అని బావగారు నన్నడిగారు.

"వద్దని చెప్పండి" అన్నాను. నాకూ పౌరుషం ఉంది. కాఫీ లేక నెత్తి పగిలిపోతున్నా ఉంది.

ఇక వివరించడం మొదలుపెట్టాను. అది పిలిచే ఫంక్షన్ కాదని, పిలిచేదే కానీ మనుషుల్ని కాదని, కంప్యూటర్లో ఉంటుందని. చెప్పేకొద్దీ నాకే నమ్మబుద్ధి కాలేదు.

"కంప్యూటర్లో ఫంక్షనంట" అంది అక్క బావగారితో. "కరోనాలో జూమ్‌లో పెళ్ళిళ్ళు చేశారు చూడండి, అలాంటిదేమో. దానికీ కొంతమందిని పిలవరు కాబోలు."

మాటలతో లాభం లేదని ల్యాప్‌టాప్ తీసి అరుగు మీద పెట్టాను. ఎక్కం ఫంక్షన్ తెరిచాను. బ్రాకెట్లు పెట్టాను, మధ్యలో పదమూడు. నొక్కాను. పదమూడో ఎక్కం వరసగా దిగింది. అక్క దూరం నుంచే చూసింది. తరవాత కొంచెం దగ్గరకొచ్చింది. తవుడు చేతిని వెనక్కి పెట్టుకుని వంగి, పై నుంచి కిందికి పెదాలు కదుపుతూ చదివింది.

"పదమూడేళ్ళు తొంభై ఒకటి" అంది. "నువ్వు ఎప్పుడూ అక్కడే ఆగిపోయేవాడివి."

నువ్వు అంది. ఆవిడ గమనించిందో లేదో నాకు తెలియదు. నేను గమనించాను. నాకు ఏడుపొచ్చింది, బావగారి ముందు ఏడవడం ఎందుకని ల్యాప్‌టాప్ వంక చూస్తూ మాట్లాడాను.

"తప్పు నాదే అక్కా. కార్డు మీద పేరు రాసి పంపేశాను. పిలవలేదు. జంగారెడ్డిగూడెం రెండుసార్లు వెళ్ళాను కానీ నీ దగ్గరకి ఒక్కసారి రాలేకపోయాను. సొంత మనిషివి కదా, పిలవక్కర్లేదనుకున్నాను."

అక్క చేతికంటిన తవుడు కొంగుకి తుడుచుకుని అరుగు చివర కూర్చుంది. తరవాత చాలా మామూలుగా, చెరువు సంగతులు చెప్పినట్టు చెప్పింది.

"ఆకుపచ్చ చీర కొన్నాను, ఎర్రంచుది. మేనత్తని కదా అని జాకెట్టు కూడా కొత్తగా కుట్టించాను. పెళ్ళి రోజు పొద్దున్నే కట్టుకుని ఈ అరుగు మీదే కూర్చున్నాను. మీ బావ కారు మాట్లాడారు. కారొచ్చి ఇదిగో ఇక్కడ నిలబడింది. డ్రైవరు రెండుసార్లు అడిగాడు, వెళ్దామా అండి అని. ఉండు బాబూ, మా తమ్ముడు ఫోను చేస్తాడు అన్నాను. తొమ్మిది దాకా చూశాను. ఒక్కసారి ఫోను చేసి, అక్కా, రా, అని ఉంటే రెండు గంటల్లో అక్కడుండేదాన్ని. పదింటికి చీర మార్చుకుని చెరువు మీదకి వెళ్ళాను."

అంటే, అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. చీర, కారు, మనిషి. ఆవిడ వైపు ఒక్క తప్పు లేదు. ఆ రోజు నేను పెళ్ళి పందిట్లో నిలబడి, దారిలో ఉన్నారండి అని పదిమందికి చెబుతూ, ఆవిడ పేరు పది సార్లు తలుచుకున్నాను. ఫోను నా జేబులోనే ఉంది.

నేను కుర్చీలోంచి లేచాను. ఇవ్వడానికి కార్డు లేదు, పళ్ళు కూడా లేవు. అయినా కార్డు ఇచ్చేటప్పుడు చాపినట్టే రెండు చేతులూ చాపాను. మధ్యలో ఏమీ లేదు. ఆ వయసులో ఆ నిలబడడం ఎంత వెర్రిగా ఉంటుందో నాకు తెలుసు. గెడకి సంచీ కడుతున్న మనిషి కట్టడం ఆపి చూశాడు.

"అక్కా, మా ఇంటికి రా."

"ఏం ఫంక్షన్రా?"

"ఏ ఫంక్షనూ లేదు. ఊరికే రా. తప్పకుండా రావాలి."

ఆవిడ నా చేతుల వంక చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. "ఆయ్" అన్నారు పక్క నుంచి బావగారు. ఆయ్ అంటే విన్నామని. నాకు కాఫీ వచ్చింది. అందులో పంచదార, నేను అడక్కుండానే, చిన్నప్పటి లెక్కన రెండు చెంచాలుంది. నాకు సుగర్ అని ఆవిడకి తెలియదు. రెండేళ్ళలో వచ్చిన జబ్బు మరి. మొత్తం తాగాను.

స్కూళ్ళు తెరిచే ముందు కరస్పాండెంటుగారి ఎదుట డెమో క్లాసు చెప్పాను. గొప్పగా ఏమీ జరగలేదు. ఎక్కం ఫంక్షన్ నడిపి చూపిస్తే, ఎక్కాలు పుస్తకంలోనే ఉన్నాయి కదండీ మాస్టారు అన్నారాయన. నిజమే. కోడింగ్ మాత్రం నాకే ఇచ్చారు, వేరే ఎవరూ దొరక్క.

డెమో అయిన వారంలోనే, ఒక గురువారం పదకొండు గంటలకి, మా వీధి చివర ఆటో ఆగింది. నేను స్కూల్లో ఉన్నాను, మా ఆవిడ ఫోను చేస్తే ఒక పీరియడు ఎవరికో అంటగట్టి సైకిలెక్కి వచ్చాను. నేను సందు తిరిగేసరికి అక్క నడిచి వస్తోంది. ముదురాకుపచ్చ చీర, ఎర్రంచు. మడతలు ఇంకా పోలేదు. ఆ ఎండలో, ఏ పండగా లేని గురువారం నాడు, పట్టుచీరలో. చేతిలో చేపల సంచీ.

ఎదురింటావిడ గేటు దగ్గరకొచ్చి అడగనే అడిగింది, "ఏవండీ, వీళ్ళింట్లో ఏదైనా ఫంక్షనా అండి?"

అక్క ఆగి, చీర కొంగు సర్దుకుంది.

"ఏం లేదండి" అంది. "మా తమ్ముడు పిలిచాడు."